అలసిన కాళ్లు, మూసిన కళ్లు: నిలకడ ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: నా వయసు 56. మూడు నెలలుగా రోజూ సాయంత్రం గంటసేపు వేగంగా నడిచి, వచ్చాక 40 సార్లు మడమలు ఎత్తి మునివేళ్ల మీద లేవడం, ఆ తర్వాత 20 గుంజీలు చేస్తున్నాను. గత వారం వ్యాయామం ముగించిన వెంటనే ముఖం కడుక్కోవడానికి వాష్ బేసిన్ దగ్గరకు వెళ్లాను. ముఖానికి సబ్బు రాసుకుని, కళ్లు మూసుకుని వంగినదాన్ని తల ఎత్తబోతుండగా ఒళ్లు వెనక్కి తూలింది. బేసిన్ అంచు చేతికి అందకపోతే పడిపోయేదాన్నే. తల తిరగలేదు, కళ్లకు చీకట్లు కమ్మలేదు, కాళ్లే నా మాట విననట్టు అనిపించింది. ఉదయం పూట ఇలా ఎప్పుడూ జరగలేదు. పిక్కలు అలసిపోతే నిలబడే పట్టు కూడా పోతుందా? లేక ఇది నరాల జబ్బుకు మొదలా? ఇంట్లో వాళ్లు వ్యాయామం మానేయమంటున్నారు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు

సమాధానం: పిక్కలు అలసిపోతే నిలబడే పట్టు తప్పకుండా తగ్గుతుంది. అది మీ ఒక్కరికే కాదు, ఇరవై ఏళ్ల క్రీడాకారులకూ జరుగుతుంది. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ‘ఉదయం పూట ఇలా ఎప్పుడూ జరగలేదు’ అన్న వాక్యం. కాళ్లు అలసి ఉన్నప్పుడు మాత్రమే వచ్చి, విశ్రాంతి తీసుకోగానే పోయే తూలుకూ, తెల్లవారి లేచినప్పుడు కూడా ఉండే తూలుకూ మధ్య చాలా తేడా ఉంది. మొదటిది శరీర ధర్మం, రెండోది వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లవలసిన లక్షణం. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకంగానే కనిపిస్తోంది. అయితే ఉత్తరం చదివి నిర్ధారణ చేయడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, రెండింటినీ మీరే వేరుచేసి చూసుకునే మార్గం కూడా చెబుతాను.

కదలకుండా నిలబడటాన్ని మనం విశ్రాంతిగా భావిస్తాం గాని, శరీరానికి అది ఎడతెగని పని. మన బరువంతా ఒకచోట కేంద్రీకరించి ఉందనుకుంటే ఆ చోటును గరిమనాభి అంటారు. నిటారుగా నిలబడ్డ మనిషికి అది బొడ్డుకు కాస్త దిగువన, వెన్నెముక చివరి భాగానికి ముందు ఉంటుంది. దాని నుంచి నేల మీదికి ఒక గీత గీస్తే, అది చీలమండ కీలు మీదుగా కాక, దానికి కొన్ని సెంటీమీటర్లు ముందుగా పాదం మీద పడుతుంది. అంటే ఎవరూ పట్టుకోకపోతే మన శరీరం ఎప్పుడూ ముందుకే పడబోతూ ఉంటుంది. అలా పడకుండా వెనక నుంచి పట్టి ఉంచేవి పిక్క కండరాలు. చిన్నప్పుడు అరచేతి మీద కర్రను నిలబెట్టి ఆడినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. కర్ర ఎటు ఒరగబోతే చెయ్యి అటు కదలాలి, ఆ కదలిక ఆలస్యమైనా, అతిగా జరిగినా కర్ర పడిపోతుంది. నిలబడ్డ మనిషిలో ఆ చేతి పనిని చీలమండ చుట్టూ ఉన్న కండరాలు చేస్తుంటాయి. అందుకే ఎంత కదలకుండా నిలబడ్డామనుకున్నా ఒక డిగ్రీ లోపు ఊపు ముందుకూ వెనక్కూ సాగుతూనే ఉంటుంది, అది మనకు తెలియదు.

ఊగడానికి ఉన్న చోటు కూడా అన్ని వైపులా సమానం కాదు. పాదాలు కదపకుండా ఆరోగ్యవంతుడు ముందుకు సుమారు 8 డిగ్రీల వరకు ఒరిగి తిరిగి నిలదొక్కుకోగలడు, వెనక్కి మాత్రం సుమారు 4 డిగ్రీలే. చీలమండకు ముందు పాదం పొడవుగా ఉంది, వెనక మడమ కొద్దిగానే ఉంది. మీరు వెనక్కి తూలినప్పుడు అంత హఠాత్తుగా జరిగినట్టు అనిపించడానికి ఇది ఒక కారణం. ఆ వైపు మనకు వ్యవధి తక్కువ.

ఇక ఊపు ఎటు, ఎంత అన్నది మెదడుకు చేరవేసేవి మూడు: కళ్లు, లోపలి చెవిలోని సమతుల్య అవయవం, కాళ్ల నుంచి వచ్చే స్పర్శ, సాగుదలల సమాచారం. ఈ మూడోదాని విలువ చాలామందికి తెలియదు. అరికాలి చర్మంలో ఒత్తిడిని పసిగట్టే గ్రాహకాలున్నాయి, కండరాల లోపల కదురు ఆకారంలో ఉండే సన్నని గ్రాహకాలు కండరం ఎంత పొడవు సాగిందో, ఎంత వేగంగా సాగుతోందో క్షణక్షణం వెన్నుపాముకు తెలియజేస్తుంటాయి, కండరాన్ని ఎముకకు అతికించే స్నాయుబంధనంలోని గ్రాహకాలు ఎంత బలంతో లాగుతున్నామో చెబుతుంటాయి. వెలుతురులో, గట్టి నేల మీద నిలబడిన ఆరోగ్యవంతుడి మెదడు ఈ కాళ్ల సమాచారం మీద సుమారు 70 శాతం, లోపలి చెవి మీద 20 శాతం, కళ్ల మీద 10 శాతం ఆధారపడుతుందని అంచనా. ఈ వాటాలు స్థిరంగా ఉండవు. ఒక చోటి నుంచి వచ్చే సమాచారం నమ్మదగ్గదిగా లేదని తోచగానే మెదడు మిగిలినవాటి వాటా పెంచుకుంటుంది. ఇది గుర్తుంచుకోండి, మీ సంఘటనకు మూలం ఇక్కడే ఉంది.

అలసట అంటే బలం తగ్గడమేనని మనం అనుకుంటాం. ‘కాళ్లలో సత్తువ లేదు’ అనడంలో ఉన్నది ఆ భావనే. అది నిజమే గాని, సగమే నిజం. నిశ్చలంగా నిలబడటానికి పిక్క కండరాలకు వాటి పూర్తి బలంలో కొద్ది భాగమే కావాలి, కాబట్టి బలం కొంత తగ్గినంత మాత్రాన మనిషి తూలిపోనక్కర్లేదు. అసలు చిక్కు మిగిలిన సగంలో ఉంది: అలసిన కండరం పనిని సరిగా చేయకపోవడంతో పాటు తాను ఏ స్థితిలో ఉన్నదో సరిగా చెప్పలేకపోతుంది కూడా. కండరాలను అలసిపోయేలా చేసిన తర్వాత, కళ్లు మూసి, కీలును ఒక కోణంలో పెట్టి, రెండో కాలితో అదే కోణాన్ని చూపమంటే జనం విశ్రాంతిగా ఉన్నప్పటికంటే ఎక్కువ తప్పుతారు. బరువు విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. సంచి మోస్తూ పోతుంటే పోనుపోను అది బరువెక్కుతున్నట్టు తోస్తుంది. సంచి బరువు మారలేదు, దాన్ని పట్టి ఉంచడానికి అలసిన కండరానికి మెదడు మరింత గట్టిగా ఆదేశం ఇవ్వవలసి వస్తోంది, ఆ అదనపు ప్రయత్నాన్నే మనం బరువుగా గ్రహిస్తున్నాం. కాళ్ల విషయంలోనూ మెదడు తాను పెడుతున్న ప్రయత్నాన్ని ఒక కొలతగా వాడుకుంటుంది. అలసటలో ఆ కొలబద్దే మారిపోతుంది కనుక, చీలమండ ఎంత వంగి ఉందన్న అంచనాలో చిన్న పొరపాటు చేరుతుంది. నాలుగు డిగ్రీలే వ్యవధి ఉన్నచోట ఆ చిన్న పొరపాటు చిన్నది కాదు.

దీనికి తోడు మరో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, అలసిన కండరం లాగుడులో సన్నని వణుకు ఉంటుంది. కొన్ని కండర తంతువులు సొలసిపోతే వాటి స్థానంలో మెదడు పెద్ద తంతు సమూహాలను రంగంలోకి దించుతుంది. వాటితో బలం వస్తుంది గాని సన్నని సర్దుబాటు రాదు. గుంజీలు ముగించి నిలబడగానే తొడలు అదరడం మీరు గమనించే ఉంటారు. రెండోది ఆలస్యం. ఎవరైనా మనల్ని హఠాత్తుగా నెడితే, ఆలోచనతో పని లేకుండానే, సెకనులో పదో వంతు గడిచేసరికి కాళ్ల కండరాలు స్పందించడం మొదలుపెడతాయి. అలసిన కండరానికి ఆదేశం అందినా, అది స్నాయుబంధనాన్ని బిగించి ఎముకను కదిలించేసరికి మరికొంత కాలం పడుతుంది. అరచేతి మీది కర్ర పోలికలో చెప్పాలంటే, కర్ర ఎటు ఒరుగుతోందో కళ్లకు కాస్త మసకగా కనిపిస్తోంది, చెయ్యి వణుకుతోంది, పైగా కదలడానికి ఆలస్యం చేస్తోంది.

దీనంతటికీ లాక్టిక్ ఆమ్లమే కారణమని ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. ఆ మాట పాతబడింది. కండరం లోపల శక్తి ఖర్చయ్యేకొద్దీ ఫాస్ఫేట్ పేరుకోవడం, సంకోచానికి అవసరమైన కాల్షియం విడుదల తగ్గడం, కండర కణాల బయట పొటాషియం పెరగడం వంటివి ఇప్పుడు ముఖ్య కారణాలుగా చెబుతున్నారు. వీటితోపాటు మెదడు, వెన్నుపాముల నుంచి వచ్చే ఆదేశాలు కూడా మందగిస్తాయి. కాబట్టి ఆమ్లాన్ని ‘కడిగేస్తాయని’ చెప్పే పానీయాల మీద డబ్బు పెట్టకండి.

ఇప్పుడు మీ సాయంత్రాన్ని మళ్లీ చూద్దాం. గంట నడక, ఆపైన 40 సార్లు మడమలు ఎత్తడం వల్ల చీలమండ దగ్గరి సమాచారం మసకబారింది. దానికి బదులుగా మీ మెదడు కళ్ల వాటాను పెంచుకుంది, అందువల్లనే వ్యాయామం అయ్యాక గదిలో నడుస్తున్నప్పుడు మీకు ఏ తేడా తెలియలేదు. బేసిన్ దగ్గర సబ్బు కోసం కళ్లు మూశారు. ఆ క్షణంలో మెదడు ఎక్కువగా నమ్ముకున్న ఆధారం పోయింది, మిగిలింది లోపలి చెవి. సరిగ్గా అప్పుడే మీరు వంచిన తలను పైకెత్తారు. తల కదులుతున్నప్పుడు లోపలి చెవి ఇచ్చే సంకేతాల్లో తల కదలిక ఎంత, శరీరపు ఊపు ఎంత అన్నది విడదీయడం కష్టం. మూడు ఆధారాలూ ఒకే రెండు సెకన్లలో బలహీనపడ్డాయి, పైగా తూలు చోటు తక్కువగా ఉన్న వెనక వైపుకు వచ్చింది. మీ కాళ్లు మీ మాట వినలేదని రాశారు. నన్నడిగితే, మీ కాళ్లు చెప్పిన మాటే మెదడుకు సరిగా వినిపించలేదు.

మీరు మొదట చేయి చాచి బేసిన్ అంచు పట్టుకోవడం సరైన ప్రతిస్పందన, దాన్ని భయంతో చేసిన పనిగా భావించకండి. చిన్న ఊపును చీలమండతో సరిదిద్దుకుంటాం, అది చాలనప్పుడు నడుము వంచి తుంటి దగ్గర సరిదిద్దుకుంటాం, అదీ చాలనప్పుడు అడుగు వేస్తాం లేదా చేతికి అందినదాన్ని పట్టుకుంటాం. చీలమండ అలసినప్పుడు శరీరం రెండో పద్ధతికి, మూడో పద్ధతికి త్వరగా మారుతుంది. తుంటి, తొడ కండరాలు కూడా అలసి ఉంటే ఆ రెండో పద్ధతీ కుంటుపడుతుంది. నిజానికి ఒంటికాలి మీద నిలబడేటప్పుడు తుంటి, మోకాలి కండరాల అలసట చీలమండ అలసటకంటే ఎక్కువ దెబ్బ తీస్తుందని చూపిన ప్రయోగాలున్నాయి. మీరు మడమలు ఎత్తడం వెంటనే గుంజీలు కూడా చేయడం వల్ల రెండు అంచెలనూ ఒకేసారి అలసటలోకి నెట్టారు. వ్యాయామంగా అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఆ తర్వాతి పావుగంటను జాగ్రత్తగా గడపాలి.

పావుగంట అని ఊరికే అనలేదు. పిక్కలను అలసిపోయేలా చేసి ఆ తర్వాత ఊపును కొలిచిన చాలా ప్రయోగాల్లో, పెరిగిన ఊపు 10 నుంచి 20 నిమిషాల లోపు మామూలు స్థితికి వచ్చింది. మొదటి కొన్ని నిమిషాలు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. దీనికి ఒక మినహాయింపు ఉంది. చాలా మెట్లు లేదా ఏటవాలు దారి దిగినప్పుడు తొడ కండరాలు సాగుతూనే బిగుసుకోవలసి వస్తుంది. అలాంటి శ్రమకు అలవాటు లేనివారిలో మర్నాడు, ఆ మర్నాడు ఒళ్లునొప్పులు ముదిరినప్పుడు కూడా బలం, కీలు స్థితిని గుర్తించే శక్తి రెండూ కొంత తగ్గే ఉంటాయి. అందుకని కొండ దిగి వచ్చిన మర్నాడు నొప్పి సంగతి అలా ఉంచి, మెట్ల మీద కటకటాలు పట్టుకుని దిగడం మంచిది.

నరాల జబ్బేమోనన్న మీ భయానికి ఆధారం లేకపోలేదు, దాన్ని కొట్టిపారేయను. 19వ శతాబ్దంలో బెర్లిన్‌లో పనిచేసిన వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్, వెన్నుపాము వెనక భాగంలోని నాడీ తంతువులు దెబ్బతిన్న రోగులు కళ్లు తెరిచి నిలబడగలిగి, మూయగానే తూలిపోవడాన్ని గమనించి రాశాడు. పాదాలు దగ్గరగా పెట్టి, కళ్లు మూసి నిలబెట్టే ఆ పరీక్షను ఆయన పేరుతోనే నేటికీ వైద్యులు చేస్తున్నారు. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసినప్పుడు తూలడం కూడా అలాంటి నాడీ లోపానికి గుర్తుగా వైద్యశాస్త్రంలో పేర్కొన్నదే. కాళ్ల నుంచి రావలసిన సమాచారం రాకపోతే కళ్లే దిక్కు, కళ్లు మూస్తే ఆ ఆధారమూ ఉండదు. మీకు ఆ సాయంత్రం పది నిమిషాలపాటు అలసట వల్ల వచ్చిన స్థితే, మధుమేహం వల్లనో, బి12 విటమిన్ లోపం వల్లనో నాడులు దెబ్బతిన్నవారికి రోజంతా ఉంటుంది. తేడా అంతా కాలవ్యవధిలోనే ఉంది కనుక, పరీక్ష కూడా ఆ వ్యవధినే చూడాలి.

ఇంట్లో ఇలా చేసి చూడండి. రెండు గోడలు కలిసే మూలకు వీపు పెట్టి, ముందు ఒక కుర్చీని దాని వీపు మీ వైపు ఉండేలా వేసుకుని, పక్కన ఇంకొకరిని ఉంచుకోండి. ఉదయం లేచి కాసేపు తిరిగిన తర్వాత, చెప్పులు లేకుండా, పాదాలు రెండూ ఆనించి, చేతులు పక్కన వదిలేసి, కళ్లు తెరిచి 30 సెకన్లు నిలబడండి. ఆ తర్వాత కళ్లు మూసి 30 సెకన్లు. కాస్త ఊగడం అందరికీ సహజం. అడుగు తీయకుండా, కుర్చీ పట్టుకోకుండా నిలబడగలిగితే చాలు. తర్వాత ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి, ఒకే గీత మీద నిలబడినట్టుగా, కళ్లు తెరిచి 10 సెకన్లు నిలబడండి. ఈ నిలకడ 10 సెకన్లు కూడా సాగనివారికి పడిపోయే ముప్పు ఎక్కువని వృద్ధుల వైద్యంలో లెక్కలోకి తీసుకుంటారు. ఇవే సాయంత్రం వ్యాయామం అయిన వెంటనే ఒకసారి, 20 నిమిషాల విశ్రాంతి తర్వాత మరోసారి చేసి, మూడు సార్లూ ఎలా ఉన్నదీ కాగితం మీద రాసుకోండి. ఉదయం బాగుండి, వ్యాయామం కాగానే తగ్గి, 20 నిమిషాలకు తిరిగి వస్తే, అది అలసటే.

ఆ పరీక్ష చేసేటప్పుడు ఒక పని చేయండి, నాకు ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టని దృశ్యం అది. ఒక చేతిని గోడకు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, తల వంచి ఆ పాదాన్నే చూడండి. చీలమండ ముందు చర్మం కింద తాళ్లలాంటి స్నాయుబంధనాలు లేచి పడుతుంటాయి, ఒకటి బిగుసుకుంటే పక్కది వదులవుతుంది, కాలివేళ్లు నేలను పట్టుకుని విడుస్తుంటాయి, పాదం లోపలి అంచు మీదికి, బయటి అంచు మీదికి బరువు దొర్లుతుంటుంది. ఒక్క క్షణం కూడా అవి ఊరుకోవు. మడమలు ఎత్తే వ్యాయామం ముగించాక మళ్లీ అలాగే చూడండి. అవే తాళ్లు ఇప్పుడు పెద్దపెద్ద కుదుపులతో, కాస్త ఆలస్యంగా లేస్తుంటాయి. నేను పైన రాసినదంతా మీ కంటికే కనిపిస్తుంది.

ఇదే సమయంలో ఇంకొక చిన్న సంగతి గమనించండి. గోడను పట్టుకోకుండా, చూపుడువేలి కొసను మాత్రం గోడకు తాకీ తాకనట్టు ఉంచండి. ఊపు స్పష్టంగా తగ్గుతుంది. ఆ వేలు మోసే బరువు 100 గ్రాములకు మించదు, అంటే అది శరీరాన్ని ఆపడం లేదు, శరీరం ఎటు ఊగుతోందో మెదడుకు చెబుతోంది. కాళ్ల సమాచారం మసకబారిన వేళ వేలి కొస ఒక కొత్త ఆధారంగా నిలుస్తుంది. అలసిన పిక్కలతో నిలబడినవారికి కూడా ఇలాంటి మెత్తని స్పర్శ మేలు చేస్తుందని ప్రయోగాల్లో చూశారు. అందుచేత వ్యాయామం తర్వాత ముఖం కడుక్కోవాలనుకుంటే ఒక చేతి వేళ్లను బేసిన్ అంచుకు ఆనించి, రెండో చేత్తో కడుక్కోండి. గట్టిగా పట్టుకోనక్కర్లేదు. స్నానాల గదిలో తలంటుకునేటప్పుడు, చీకట్లో గది దాటేటప్పుడు, తల మీదుగా బట్టలు తొడుక్కునేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఈ మూడు సందర్భాల్లోనూ కళ్లు పనిచేయవు. తల మీదుగా బట్టలు తొడుక్కునేటప్పుడు రెండు చేతులూ ఖాళీ ఉండవు కనుక ఆ పనిని కూర్చునే చేయండి.

మీ వ్యాయామ క్రమాన్ని కొంచెం మార్చమని నా సలహా. ఒంటికాలి మీద నిలబడటం, గీత మీద నడవడం వంటి నిలకడ వ్యాయామాలను కాళ్లు తాజాగా ఉన్నప్పుడు, మొదట్లోనే చేయండి, మడమలు ఎత్తడం, గుంజీలు ఆ తర్వాతికి ఉంచుకోండి. అలసిన కాళ్లతో నిలకడ సాధన చేయడం క్రీడాకారులకు ఒక శిక్షణ పద్ధతి కావచ్చు గాని, ఇంట్లో ఒంటరిగా చేసుకునేవారికి అందులో లాభంకంటే ముప్పే ఎక్కువ. 40 సార్లు ఒకే ఊపున కాకుండా, పదేసి చొప్పున నాలుగు విడతలుగా, మధ్యలో నిమిషం, రెండు నిమిషాలు కూర్చుని చేయండి. మడమలు ఎత్తేటప్పుడు, దించేటప్పుడు రెండూ నెమ్మదిగా సాగాలి, దించడమే నియంత్రణను ఎక్కువగా నేర్పుతుంది. అంతా అయ్యాక మొదట కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి, పది పదిహేను నిమిషాల తర్వాతే స్నానాల గదికి, మెట్ల వైపుకు వెళ్లండి. ఒకేచోట చాలాసేపు నిలబడే పని ఉన్న రోజుల్లో కాళ్లు పీకడం వేరే రకం అలసట. దానికి బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చుకోవడం, అప్పుడప్పుడూ నాలుగడుగులు వేయడం సరిపోతుంది. పాదరక్షల విషయంలో ఒక మాట: అరికాలు మెత్తగా కూరుకుపోయే మందపాటి అడుగు సుఖంగా ఉన్నా, నేల గురించి పాదానికి తెలిసే సమాచారాన్ని తగ్గిస్తుంది. నిలకడకు పలుచని, గట్టి అడుగు, మడమను పట్టి ఉంచే అమరిక ఉన్నవి మేలు.

వ్యాయామం మానేయమంటున్న మీ ఇంటివారి ఆందోళన నాకు అర్థమవుతుంది, మీరు పడబోవడం చూసినవారు అలా అనడం సహజం. అయినా ఆ సలహాను దయచేసి పాటించకండి. వయసుతో కండరం తగ్గినప్పుడు అదే పనికి ఉన్న బలంలో ఎక్కువ భాగం ఖర్చు పెట్టవలసి వస్తుంది. కుర్చీలోంచి లేవడానికి యువకులు తొడ బలంలో సగం కూడా వాడరు, 70 దాటినవారికి నాలుగింట మూడు వంతులకు పైగా కావలసి రావచ్చు. అంత దగ్గరగా హద్దుకు ఆనుకుని బతికే కాలికి అలసట కూడా త్వరగానే వస్తుంది. నాలుగుసార్లు లేచి కూర్చోవడమే వారికి మీ 20 గుంజీలతో సమానం. వ్యాయామం మానితే మీరు ఆ హద్దు వైపే నడుస్తారు. నిలకడను పరీక్షించే వ్యాయామాలు చేసే వృద్ధుల్లో పడిపోవడాల సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గిందని, వందకు పైగా ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష 2019లో తేల్చింది. 65 దాటినవారు వారానికి కనీసం 3 రోజులు ఇలాంటి వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మీరు తొమ్మిదేళ్లు ముందే మొదలుపెట్టారు, నాకు అది ఎంతో సంతోషం కలిగించింది.

అలసట మీద నెట్టేయకూడని సంగతులను కూడా చెప్పాలి. పడుకుని లేచినప్పుడో, కూర్చుని లేచినప్పుడో కళ్లకు చీకట్లు కమ్మి తూలితే అది రక్తపోటు పడిపోవడం కావచ్చు. లేచి నిలబడిన 3 నిమిషాల లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. రక్తపోటు మందులు, నిద్రమాత్రలు వాడేవారు ఇది ప్రత్యేకంగా చూపించుకోవాలి. తల ఎత్తినప్పుడు, పక్క మీద దొర్లినప్పుడు గది గిర్రున తిరిగితే అది లోపలి చెవికి సంబంధించినది, దానికి చికిత్స ఉంది. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గి, మళ్లీ అంతే దూరానికి పట్టేస్తే కాలి రక్తనాళాలను చూపించుకోవాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రోజే వెళ్లాలి. ఒక వైపు కాలు, చెయ్యి హఠాత్తుగా బలహీనపడటం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, పాదాల నుంచి మొదలైన నీరసం రోజుల వ్యవధిలో పైకి పాకడం, నడుమునొప్పితో పాటు కాళ్లు మొద్దుబారి మూత్రం మీద పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా గంటలు లెక్కపెట్టకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

మీకు ఇవేవీ ఉన్నట్టు ఉత్తరంలో లేదు. అందుచేత రెండు వారాలపాటు ఉదయం పూట కళ్లు మూసి నిలబడే ఆ 30 సెకన్లను రోజూ చూసుకుని రాసుకోండి. వాటిలో ఏ మూడు రోజులైనా 30 సెకన్లు పూర్తికాకపోయినా, అరికాళ్లలో తిమ్మిరి గాని దూది మీద నడుస్తున్న భావన గాని ఉన్నా, రాసుకున్న కాగితాన్ని తీసుకుని నాడీ వైద్యుడిని కలవండి. చక్కెర, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించమని మీరే అడగండి. అన్ని రోజులూ పూర్తయితే, పదేసి చొప్పున నాలుగు విడతలకు ఇంకొక విడత కలుపుకోండి, బేసిన్ అంచు మీద వేళ్లు ఆనించే అలవాటును మాత్రం అలాగే ఉంచుకోండి.